ఎవరూ అడగని మొక్కల నర్సరీ

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దగ్గర కొండపల్లి వైపు తిరిగి ఊళ్లోకి వచ్చాక, ఖిల్లా రోడ్డు ఎక్కే లోపు ఓ పెంకుటిల్లు ఉండేది. వెనక పది సెంట్ల పెరడు, అందులో ఒక బోరింగు, రెండు వేప చెట్లు, వాటి మధ్య పాత చీరలతో కట్టిన పందిరి. మా నర్సరీ అంటే అంతే. బోర్డు లేదు, రేటు లేదు, పేరు కూడా లేదు, "మాష్టారి పెరడు" అనేవాళ్ళం. 2007, 2008 ప్రాంతంలో ఆదివారం వస్తే భవానీపురం నుంచి బస్సెక్కి అక్కడికి పోయేవాణ్ణి. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే కొండ మొక్కలు పెంచుతున్నామని చెప్పేవాణ్ణి. "కొండ మొక్కలు వాటంతటవే పెరుగుతాయి గదరా, మీరు పెంచేదేంటి" అని నవ్వేవాళ్ళు.

నిజానికి పెరగడం లేదు, గొడవంతా అదే. కొండపల్లి అడవి చెప్పుకోడానికి 30 వేల ఎకరాలు. లోపలికి పోతే బాగానే ఉంటుంది కానీ ఊళ్ల వైపు ఉన్న అంచుల్లో గ్రావెల్ తవ్వేసిన గుంటలు, వేసవిలో ఎవరో అంటించిన గడ్డి, మిగిలిన చోటల్లా సర్కారు తుమ్మ. దూరం నుంచి చూస్తే పచ్చగానే కనపడుతుంది, దగ్గరికెళ్తే ఒకటే జాతి చెట్టు. దాని కింద ఇంకో మొక్క లేవదు. మోదుగ, రేల, అంకుడు, తునికి, పాల, మోరి, ఇవన్నీ మా నాన్న చిన్నప్పుడు కొండ కిందే ఉండేవట. మా కాలానికి వాటి కోసం కొండెక్కాల్సి వచ్చింది.

మాష్టారు విజయవాడలో ఒక కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయనకు ఉన్న పిచ్చి ఒకటే, పొణికి చెట్టు. కొండపల్లి బొమ్మ లేని ఇల్లు మన వైపు తక్కువ, దసరాకో సంక్రాంతికో కొలువు పెట్టే ఇళ్లలో అయితే దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటి చెట్టెక్కే గీతగాడు తప్పనిసరి. ఆ బొమ్మ చేసేది తెల్ల పొణికి కర్రతో అని కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ చెట్టు ఎలా ఉంటుందో చూపించమంటే నూటికి తొంభై మంది చూపించలేరు, నేనూ అప్పటిదాకా చూడలేదు. తెల్లటి బెరడు, అరచెయ్యి కంటే పెద్ద ఆకు, ఆకు వెనక తెల్లటి నూగు. ఎండాకాలం వస్తే మొత్తం ఆకు దులిపేసి మోడులా నిలబడుతుంది. కర్ర మరీ మెత్తన, తేలిక. గుమ్మాలకి పనికిరాదు, మంచాలకి పనికిరాదు. అందుకే పొలం గట్టు మీద కూడా దాన్ని ఎవరూ నాటలేదు. అడవిలో ఉంది, నరికి తెచ్చుకున్నారు, చేరువలో ఉన్నది అయిపోయింది, తర్వాత ఇంకొంచెం లోపలికి పోయారు.

మాష్టారికి ఈ సంగతి ఎక్కించింది బొమ్మల కాలనీలో ఉండే ఒక పెద్దాయన. మేమందరం ఆయన్ని తాతగారు అనేవాళ్ళం. ఆయన ఇంటి వసారాలో కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. పచ్చి కర్రని సన్న సెగ మీద ఆరబెట్టి తేమ తీసేస్తారు, లేకపోతే తర్వాత బొమ్మ బీటలిస్తుంది. చేతులు, కాళ్లు, తల దేనికది విడిగా చెక్కుతారు. చింత గింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు, సందులు పూడుస్తారు, పైన సుద్ద పూత, ఆ పైన రంగులు. తాతగారు ఆవు దూడ చెవి ఒకటి చెక్కుతూ చెక్కుతూ "కర్ర దొరకట్లేదయ్యా, దొరికినా రేటు మండిపోతోంది. వేరే కర్రతో చేస్తే చెయ్యి మాట వినదు" అన్నారట మాష్టారితో. పెరట్లో నర్సరీ మొదలైంది ఆ మాటతోనేనని మాష్టారు చెప్పేవారు. ఆవిడ (మాష్టారి భార్య, మాకు అమ్మగారు) మాత్రం, రిటైరయ్యాక పొద్దుపోక మొదలెట్టారని చెప్పేది. రెండూ నిజమే అయ్యుంటాయి.

అక్కడికి వచ్చేవాళ్ళందరూ మొక్కల మనుషులేం కాదు. రైల్వేలో పనిచేసే ఒకాయన, ఆటోనగర్‌లో లారీల పని చేసే ఒక మెకానిక్, ఇబ్రహీంపట్నంలో టైలరింగ్ చేసే ఒకక్క, తాతగారి కోడలు, నాలాంటి కాలేజీ పిల్లలు కొందరు. మెకానిక్ అన్న ఓ పాత ఇనప ముక్కకి పిడి బిగించి కవర్లకు చిల్లులు పెట్టే పరికరం చేసుకొచ్చాడు, ఒక్క దెబ్బకి ఇరవై కవర్లు. ఆ కవర్లయినా కొన్నవి కావు, విజయ పాల ప్యాకెట్లు. మా అమ్మ, పక్కింటి వాళ్ళు, వాళ్ళ పక్కింటి వాళ్ళు కడిగి ఆరేసి దాచిపెడితే వారానికో సంచి పట్టుకుపోయేవాణ్ణి. బస్సులో ఆ సంచి విప్పితే వచ్చే పులిసిన పాల వాసన ఇప్పటికీ గుర్తుంది, పక్క సీటువాళ్ళు లేచి పోయేవాళ్ళు. రెండు తట్టల ఎర్రమట్టి, తట్ట ఇసుక, తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలిపి జల్లించి ప్యాకెట్లలో కూరడం, అదీ ఆదివారం పని. చేస్తూ చేస్తూ సినిమాలు, క్రికెట్టు, రాజకీయాలు, పెళ్ళి సంబంధాలు. ఇద్దరికి అక్కడే సంబంధం కుదిరింది కూడా, ఆ కథ వేరే.

గింజల దగ్గర మాత్రం మాష్టారి చదువు సగమే పనికొచ్చింది, మిగతా సగం కొండ మీద తిరిగేవాళ్ళు చెప్పిందే. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో వేసెయ్యాలి, దాచిపెడితే చస్తుంది. రేల గింజని మరిగి దించిన నీళ్లలో వేసి రాత్రంతా వదిలెయ్యాలి, లేకపోతే ఆ పెంకు నీళ్లు తాగదు. ఇవి మాష్టారు చెప్పారు. నల్ల తుమ్మ దగ్గర మాత్రం మా పద్ధతులన్నీ ఒక మేకల కాపరి ముందు తేలిపోయాయి. అతను దొడ్డి ఊడ్చిన పెంట ఒక గోనె సంచి తెచ్చి "ఇదిగో, ఇందులో ఉన్నాయి నీ గింజలు" అని పోసి పోయాడు. మేకలు తుమ్మకాయలు తిని వదిలిన గింజలు. మేం వేన్నీళ్ళు పోసి, గరుకు రాయి మీద రుద్ది నానా తంటాలు పడ్డ గింజల కంటే అవే బాగా లేచాయి. మాష్టారు కాసేపు ఆ మడినే చూస్తూ నిలబడి, "ఇన్నేళ్ళు పాఠం చెప్పా, దొడ్డి దగ్గరికి ఒక్కసారీ తీసుకుపోలేదు పిల్లల్ని" అన్నారు.

పొణికి గింజ అన్నిటికంటే మొండిది. రాయి లాంటి పెంకు. నానబెట్టాం, పేడనీళ్ళలో ఉంచాం, సుత్తితో మెల్లగా పగలగొట్టాం (సగం పప్పులు చితికిపోయేవి), అరగదీశాం. ఒక్కోటి వారాలు గడిచాక తలెత్తేది, చాలావరకు అసలు లేచేవే కావు. విసుగొచ్చి ఆ మట్టంతా తీసి గోడవార పోసేశాం. మరుసటేడు తొలకరి వానకి ఆ కుప్పలోంచి వరసగా పొణికి మొలకలు! అమ్మగారు ముందు చూసింది, కలుపు అనుకుని పీకబోయి, ఆకు వెనక తెల్లగా ఉందని ఆగి కేకేసింది. ఆ రోజు ఆ ఇంట్లో పెసరట్లు, ఉప్మా, పైన అల్లం పచ్చడి. తాతగారికి కబురెళ్ళింది.

తాతగారు రావడం నాకు బాగా గుర్తు. లుంగీ మీద పొట్టు దులుపుకుంటూ వచ్చారు. ఎనిమిదేళ్ల వయసు నుంచి పొణికి కర్ర చెక్కుతున్న మనిషి, ఆయన చేతుల్లో ఎన్ని దుంగలు బొమ్మలయ్యాయో ఆయనకే లెక్కలేదు, కానీ పొణికి మొలకని ఎప్పుడూ చూడలేదట. కొండ నుంచి కర్రలు వస్తాయి, ఈయన చెక్కుతారు, అంతే కదా. గొంతుక్కూర్చుని ఆకు తిరగేసి, వెనక నూగుని బొటనవేలితో రాసి చూసి, "ఇంత పసిదా ఇది" అన్నారు. కర్ర ఎప్పటికి చేతికొస్తుందని అడిగితే మాష్టారు నీళ్ళు నమిలారు. తాతగారు నవ్వేసి, "ఇది కోతకొచ్చే నాటికి మావాడు బెంగుళూరులో ఉంటాడు, నేను పైన ఉంటా. అయినా రెండు ఇవ్వండి, దొడ్లో పెడతా" అన్నారు. ఆయన పెట్టినవాటిలో ఒకటి బతికింది.

నీళ్ళ దగ్గర రోజూ తిట్లే. మా టౌను పిల్లలకు మొక్క అంటే నీళ్ళు పొయ్యాలి, ఎంత పోస్తే అంత ప్రేమ. మాష్టారు బోరింగు దగ్గర నుంచే అరిచేవారు, "అది రాళ్ళలో పుట్టే మొక్కయ్యా, దానికి నువ్వు కాఫీలు టిఫిన్లు అలవాటు చెయ్యకు!" నాటడానికి ముందు కొన్ని వారాలు పందిరి నుంచి బయటికి లాగి ఎండలో పెట్టేవాళ్ళం, నీళ్ళు తగ్గించేవాళ్ళం. ఆకులు వాలిపోతుంటే చూడలేక దొంగతనంగా చెంబుతో పోసేవాళ్ళు కొందరు, ముఖ్యంగా టైలరింగ్ అక్క. మధ్యమధ్యలో కవర్లు పక్కకి జరుపుతుండాలి, లేకపోతే వేర్లు చిల్లుల్లోంచి నేలలోకి దిగి, తీసేటప్పుడు తెగిపోతాయి. ఒకసారి రేల మొక్కల నిండా ఆకుపచ్చ పురుగులు పట్టాయి. మందు కొడదామని మెకానిక్ అన్న పంపు తెచ్చేశాడు. మాష్టారు అడ్డం నిలబడి, "వారం ఆగు" అన్నారు. వారం తర్వాత పెరడంతా లేత పసుపు సీతాకోకచిలుకలు. రేల మొక్కలు మోడైపోయినా మళ్ళీ చిగురేశాయి. ఇప్పుడు మూలపాడులో సీతాకోకచిలుకల పార్కు కట్టారు గానీ మాకది అప్పుడే ఆ పెరట్లో ఫ్రీగా దొరికింది.

మొక్కలు పెంచడం ఒకెత్తు, ఇవ్వడం ఇంకో ఎత్తు. ఈ సంగతి ఎవరూ రాయరు. వేల మొక్కలు పెంచాం, నాటాం అని ఫోటోలు పెడతారు, అడిగినవాడు ఒక్కడూ లేడని చెప్పరు. రిజర్వు ఫారెస్టులో మన ఇష్టమొచ్చినట్టు నాటడానికి లేదు, గింజ ఏరుకోవాలన్నా ఫారెస్టు వాళ్ళని అడగాలి. కాబట్టి మాకున్నవి బడి ఆవరణలు, చెరువు కట్టలు, శ్మశానాలు, గుడి మెట్ల పక్కన జాగాలు, ఇళ్ళు. ఇళ్ళవాళ్ళకేమో కడియం నుంచి లారీల్లో వచ్చే గులాబీలు, క్రోటన్లు కావాలి. మేం బెంజి సర్కిల్ వైపు ఒక ఎగ్జిబిషన్‌లో టేబుల్ వేసి కూర్చుంటే వచ్చినవాళ్ళందరివీ అవే ప్రశ్నలు. పూలు పూస్తుందా? నీడ ఉంటుందా? కాయ తింటామా? పొణికికి మూడింటికీ పెద్దగా చెప్పుకోడానికేం లేదు. "బొమ్మలు చేస్తారండీ" అంటే ఒకాయన "నేను చెయ్యనుగా" అని పోయాడు. తప్పేముంది అందులో?

కొన్నిటికి కబుర్లు పనికొచ్చేవి. బతికుంటే బలుసాకు తినొచ్చనే సామెత అందరికీ వచ్చు, బలుసు మొక్కని చూసినవాళ్ళు లేరు. మొక్క చూపిస్తే పకపకా నవ్వి ఒకటి పట్టుకుపోయేవాళ్ళు. ఇండుప గింజ సంగతి చెబితే ముసలివాళ్ళు దగ్గరకొచ్చేవాళ్ళు, ఎందుకంటే కృష్ణలో కొత్త నీళ్ళు ఎర్రగా వచ్చే రోజుల్లో బిందె లోపల ఆ గింజ అరగదీసి నీళ్ళు తేర్చుకున్న ఇళ్ళే అవన్నీ.

అసలు దారి చూపించింది వినాయకుడు. చవితి ముందు రోజు మా అమ్మ వన్‌టౌన్ వెళ్ళి పత్రి కట్ట కొనుక్కొచ్చేది. నాన్న పుస్తకం చూసి "సింధువార పత్రం పూజయామి" అంటారు, కట్టలో చెయ్యిపెడితే మామిడాకే వస్తుంది, ఇరవై ఒక్క రకాలని చెప్పి అమ్మినవాడు ఏడెనిమిది రకాలే కట్టాడు. ఆ సంవత్సరం నేనీ మాట పెరట్లో అంటే టైలరింగ్ అక్క పట్టుకుంది. వావిలి, జమ్మి, మారేడు, రేగు, ఉత్తరేణి, వాకుడు, తెల్ల మద్ది, జిల్లేడు, ఇవన్నీ మనవే కదా, పత్రి మొక్కలని చెప్పి ఇస్తే? అట్టముక్క మీద పూజ పేరు, దాని కింద ఊళ్ళో పేరు రాసి కట్టాం. జిల్లేడుని ప్యాకెట్లో పెట్టి ఇవ్వడమేంటని మాలో మేమే నవ్వుకున్నాం గానీ అదీ పోయింది! శ్రావణమాసం చివరికి పెరడు సగం ఖాళీ. ఒక షరతు పెట్టింది అక్క: పత్రి మొక్క కావాలంటే దాంతోపాటు ఒక రేలో మోదుగో పొణికో తీసుకెళ్ళి మీ వీధిలోనో బళ్ళోనో నాటాలి. జనం మొహమాటానికి తీసుకెళ్ళేవాళ్ళు, అందులో కొందరు నిజంగానే నాటారు.

ఇందులో తమాషా ఏంటంటే మాష్టారు పక్కా హేతువాది. గోరాగారి నాస్తిక కేంద్రం మీటింగులకు వయసులో ఉన్నప్పటి నుంచి పోయిన మనిషి. ఆయన పెరట్లోంచి చవితికి పత్రి పోవడం ఆయనకి మింగుడు పడలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. తర్వాత జమ్మి మొక్కలకి అట్టముక్కలు కడుతూ కూర్చున్నారు, "పర్యావరణం అని నెత్తి బాదుకున్నా ఒక్కడూ తీసుకోలా, మీ దేవుడు అడిగితే క్యూ కట్టారు" అని గొణుగుతూ. నా అభిప్రాయం అడిగితే ఇప్పటికీ అదే చెబుతా, మనవాళ్ళకి మొక్క మీద ప్రేమ పుట్టించాలంటే ఉపన్యాసం కంటే పండగ, వంట, వైద్యం, వీటి వైపు నుంచి రావడమే తేలిక. గొప్ప సిద్ధాంతమేం కాదు గానీ పెరడు ఖాళీ అయింది.

నాటడం గురించి ఎక్కువ చెప్పను, ఎండలో గునపం పట్టిన వాళ్ళకి తెలుసు. వేసవిలోనే గుంటలు తీసి ఉంచాలి, ఆ రాళ్ళ నేలలో గునపం దెబ్బకి నిప్పురవ్వలు లేచేవి. తొలకరి పడి నేల లోపలిదాకా తడిశాక నాటాలి. మేకలు రాకుండా చుట్టూ కంప వెయ్యాలి, ఆ కంప సర్కారు తుమ్మదే, ఆ మేలు మాత్రం చేసింది అది. మేకల కాపరే ఇంకో మాట చెప్పాడు, పరికి పొద ఉంటే దాని నడిమధ్యన పెట్టమని, ముళ్ళలోకి ఏ మేకా మూతి పెట్టదు, నీడా దొరుకుతుంది. అలా పెట్టినవే ఎక్కువ బతికాయి.

ఒక బళ్ళో పెట్టిన పొణికి మొక్కలు బాగా లేచాయి, మనిషెత్తు దాటాయి. ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఫోను, "మీ మొక్కలన్నీ చచ్చిపోయాయి, పీకించేస్తున్నాం, బడి అందంగా ఉండాలి కదా." మాష్టారు, నేను, రైల్వే ఆయన స్కూటర్ల మీద పరిగెత్తాం. అప్పటికే కొన్ని పీకేశారు. మాష్టారు మిగిలిన మొక్క బెరడుని గోటితో గీకి లోపల పచ్చదనం చూపించి, పిల్లలందరి చేతా గీకించారు. "ఎండలో మీరు చొక్కా విప్పరా? అది ఆకులు విప్పింది" అన్నారు. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ తర్వాత ఆ బళ్ళో మొక్క పీకాలంటే పిల్లలే అడ్డం పడేవాళ్ళని విన్నాం.

2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని విజయవాడ గుంటూరు మధ్యనే అన్నాక మా వైపు భూముల ధరలు ఎక్కడికో పోయాయి. ఇబ్రహీంపట్నం, కొండపల్లి చుట్టుపక్కల ఎవరిని కదిలించినా గజాల లెక్కే. మాష్టారి ఆరోగ్యం అప్పటికే బాగాలేదు, కూతురు హైదరాబాద్ తీసుకెళ్ళింది. ఇల్లు అమ్మేశారు. మిగిలిన మొక్కలు మెకానిక్ అన్న తెచ్చిన టాటా ఏస్‌లో ఎక్కించి దొరికిన వాళ్ళకల్లా పంచేశాం, ఆ రోజు మాత్రం ఎవరూ పూలు పూస్తుందా అని అడగలేదు. అక్కడిప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మాష్టారు తర్వాత రెండేళ్ళకి పోయారు. తాతగారు అంతకు ముందే. ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళం పడ్డాం, నేను హైదరాబాద్ వచ్చేశా.

ఏం మిగిలాయంటే లెక్క చెప్పలేను, మేం లెక్క రాసుకునే మనుషులం కాదు. బళ్ళో పొణికిలు కొన్ని చెట్లయ్యాయి. శ్మశానంలో మోదుగలు మాఘం, ఫాల్గుణాల్లో ఎర్రగా విరగబూస్తాయి, అక్కడ ఎవరూ నరకరు గదా. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు గట్లు తెగినప్పుడు పల్లంలో ఉన్నవి నీళ్ళలో నానిపోయాయి, వాటిలో వావిలి మాత్రం నిలబడింది. భవానీపురంలో మా అమ్మ దగ్గర కూడా ఒక వావిలి ఉంది. చవితి ముందు రోజు వీధివీధంతా మా గేటు దగ్గరే ఉంటుంది, ఇంకో చెట్టు పెంచుకోండమ్మా అని మా అమ్మ జానెడు కొమ్మలు విరిచి చేతిలో పెడుతుంది. తడి మట్టిలో గుచ్చితే చాలు, వావిలి వేరేసుకుంటుంది. మరుసటేడు మళ్ళీ వాళ్ళే వస్తారు, కొమ్మ ఏమైందంటే నవ్వుతారు.

మొన్న రైల్వే ఆయన ఫోన్ చేశాడు. రిటైరయ్యాడు, గొల్లపూడిలో ఇల్లు కట్టుకున్నాడు. తాతగారి దొడ్లో చెట్టు ఈ ఏడు కాసిందట, కోడలు గుప్పెడు గింజలు పంపింది. "మనం ఎన్ని రోజులు నానబెట్టేవాళ్ళం అబ్బాయ్, గుర్తుందా?" అని అడిగాడు. నాకు గుర్తున్నది ఒకటే, ఎన్ని రోజులు నానబెట్టినా ఒకటే, మొలవలేదని ఆ మట్టి మాత్రం వచ్చే వానల దాకా పారబొయ్యొద్దని చెప్పా. పాల ప్యాకెట్లు అప్పుడే దాస్తున్నాడట. వంటగదిలో కంపు కొడుతోందని వాళ్ళావిడ వెనకనుంచి తిడుతుంటే వినపడింది.